రెక్కలున్న సవతులు

ఇందిరకు అసూయ ఎక్కువని ఎవరైనా అంటే ఆవిడ ఒప్పుకోదు. తనకు రావలసింది ఇంకొకళ్ళకు పోతుంటే చూస్తూ ఊరుకోనని మాత్రం అంటుంది. చిన్నప్పుడు తెనాలిలో చెల్లెలి పరికిణీకి తనదానికన్నా బెత్తెడు వెడల్పు అంచు వేయించారని అలిగి ఒక పూట అన్నం మానేసి, తీరా ఆకలి ఆగక వంటింట్లో దూరి చెల్లెలి వాటా అప్పాలు కూడా తినేసిన మనిషి. అది అసూయ కాకపోతే మరేమిటో మనకు తెలియదు. ఆవిడ లెక్కలో అది న్యాయం.

అలాంటి మనిషికి దేవుడు చూసి చూసి సుందరరామమూర్తిని ముడిపెట్టాడు. పెళ్ళిచూపుల్లో కుర్రాడు మద్రాసులో సినిమాల్లో ఉన్నాడన్నారు. ఏం చేస్తాడంటే చప్పుళ్ళు చేస్తాడన్నారు. అదేం ఉద్యోగమో అంతుపట్టక ఇందిర తండ్రి సంబంధం తెచ్చిన పెద్దమనిషిని పక్కకు పిలిచి మళ్ళీ అడిగాడు. చప్పుళ్ళు చేయడమే ఉద్యోగం. షూటింగులో పట్టిన శబ్దం సరిగా ఉండదు కనుక, తరువాత తెర ముందు నిలబడి, బొమ్మ చూస్తూ, అడుగుల చప్పుడు, తలుపుల చప్పుడు, గుర్రాల డెక్కల చప్పుడు కొత్తగా చేసి పెట్టాలి. సినిమావాళ్ళు దాన్ని ఎఫెక్ట్స్ అంటారు. తెర మీద హీరోయిను కుచ్చెళ్ళు పట్టుకుని మెట్లు దిగివస్తుంటే, కింద చీకట్లో సుందరరామమూర్తి లుంగీ ఎగ్గట్టి, ఆడవాళ్ళ చెప్పులు తొడుక్కుని, చేత్తో గాజులు గలగలలాడిస్తూ, చెక్కపలక మీద ఆ మెట్లన్నీ దిగేవాడు. వడపళనిలో అద్దెకున్న రోజుల్లో వాళ్ళ మంచం కింద ఒక ఇనప్పెట్టె ఉండేది. దాని నిండా ఆడవాళ్ళ చెప్పులు, మగవాళ్ళ బూట్లు, పావుకోళ్ళు, గజ్జెలు, పాత తాళాల గుత్తులు. కొత్తగా కాపరానికి వచ్చిన ఇందిర ఆ పెట్టె తెరిచిన రోజున ఇక పుట్టింటికి వెళ్ళిపోదామనే అనుకుంది.

పెట్టె సంగతి అర్థమయ్యాక అసలు మంట మొదలైంది. మద్రాసులో ఉన్న హీరోయిన్లందరి నడకా ఆయనకు తెలుసు. తెలిసినవాడు తెలిసినట్టు ఊరుకోవచ్చు కదా, అన్నం తింటూ చెప్పేవాడు. "ఆవిడకి మడమ ముందు పడుతుంది ఇందిరా, కోపమొచ్చినా అంతే, నవ్వొచ్చినా అంతే. ఈ కొత్తమ్మాయి మునివేళ్ళ మీద నడుస్తుంది. ఆ చప్పుడు పట్టాలంటే తడి ఇసక వేసుకోవాలి." చేతిలో ముద్ద ఎండిపోయినా ఆయనకు తెలిసేది కాదు. ఎవరెవరి మడమల గురించో వింటూ పప్పు వడ్డించడం ఏ ఆడదానికైనా కష్టమే, ఇందిరకు మరీ కష్టం. వినీ వినీ ఒకరోజు మజ్జిగ పోస్తూ అడిగేసింది.

"మరి నా నడక ఎలా ఉంటుందండీ?"

ఆయన తలెత్తలేదు. "నీ నడకా? నీదానికి ఎఫెక్టు అక్కర్లేదులే," అని మజ్జిగ కలుపుకున్నాడు.

అన్నవాడు అన్న నిమిషంలోనే మరిచిపోయాడు. విన్నావిడ మరవలేదు. కూతురు ప్రగతి పుట్టింది, పెరిగింది, పెళ్ళయి తాంబరం వెళ్ళింది. ఆ మాట మాత్రం ఇల్లు మారినప్పుడల్లా సామానుతో పాటు లారీ ఎక్కి వచ్చింది. తెర మీద కనిపించిన ప్రతి ఆడదాని అడుగూ విన్న చెవి, ఇంట్లో తెల్లారినప్పటినుంచి తన చుట్టూ తిరిగే అడుగు ఎప్పుడైనా విన్నదా, లేదా? ఇందిరకు ఈ లోకంలో తెలుసుకోవలసింది అదొక్కటే మిగిలిపోయింది. నోరు తెరిచి మళ్ళీ అడగడానికి అభిమానం అడ్డమొచ్చింది.

తెలుగు సినిమా హైదరాబాదు తరలిపోయింది. సుందరరామమూర్తి తరలలేదు. తమిళ సినిమాలకీ డబ్బింగులకీ అడుగులు వేస్తూ ఇక్కడే ఉండిపోయి, పళ్ళికరణై చిత్తడినేలకు ఆనుకుని చవగ్గా వచ్చిన చోట ఇల్లు కట్టుకున్నాడు. ఆ తరువాత అన్ని రకాల అడుగులూ కంప్యూటర్లోనే దొరకడం మొదలైంది. పని తగ్గి తగ్గి మనిషి ఇంట్లో దొరికాడు. ఇందిర లోపల్లోపల సంబరపడింది. సాయంత్రాలు ఇద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చనీ, ఎప్పుడైనా పురసవాక్కం వెళ్ళి చీరల షాపులు తిరగవచ్చనీ, ఇన్నాళ్ళ బాకీ అంతా వసూలు చేసుకోవచ్చనీ అనుకుంది. ఎవరి అదృష్టం ఎంత అని, సరిగ్గా అప్పుడే బాతులు దిగాయి.

వాళ్ళ పెరడు చివర నేల పల్లంగా ఉంటుంది. అక్టోబరు వానలకు అక్కడ నీళ్ళు నిలిచి, వెనకనున్న చిత్తడినేల నీళ్ళతో కలిసిపోయి, మాఘం దాకా ఇంకవు. వీధిలో మిగిలినవాళ్ళందరూ మట్టి తోలించి మెరక చేసుకున్నారు, వీళ్ళకు తీరలేదు. నవంబరులో ఒకరోజు ఆ నీళ్ళలో చిన్న చిన్న గోధుమరంగు బాతులు దిగాయి. ఇందిర వాటిని చూసింది, చూడనట్టే ఊరుకుంది. ఆవిడ పని ఆవిడది. నూతిగట్టు దగ్గర గిన్నెలు కడిగేది, తీగ మీద బట్టలారేసేది, రాత్రి మిగిలిన అన్నం మెతుకులు నీళ్ళలోకి విసిరేది. రోజుకు పదిసార్లు ఆ పెరట్లో అటూ ఇటూ తిరిగేది. ఆ నడకైనా ఒకప్పటిది కాదు. అంతకుముందు ఏడాది వెనకమెట్ల మీద జారిపడి ఎడమ చీలమండ విరిగింది. ఆ రోజు సుందరరామమూర్తి ఎవరో హీరో పరుగుకు చప్పుడు చేస్తున్నాడట, ఆ పరుగు పూర్తిచేసుకుని సాయంత్రానికి ఆసుపత్రికి వచ్చాడు. ఎముక అతుక్కుంది గానీ కాలు ఈడవడం మిగిలిపోయింది. అలా ఈడుస్తూ ఆవిడ తిరుగుతున్నా బాతులు ఆవిడను పట్టించుకోలేదు, ఆవిడా వాటిని పట్టించుకోలేదు.

పట్టించుకున్నది ఆయన. ఫోనులో చదివి, అవి హిమాలయాలకు అవతలనుంచి చలికి తాళలేక వచ్చిన బాతులని కనిపెట్టాడు. ఎండలు ముదిరేలోపు మళ్ళీ అంతదూరం ఎగిరివెళ్ళాలట. ఈలోపు కడుపునిండా తిని ఒళ్ళు చేసుకోకపోతే దారిలోనే పడిపోతాయట. "మనింటికొచ్చిన చుట్టాలే ఇందిరా," అన్నాడు. అంటూనే వాకింగు బూట్లు టకటకలాడించుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు. చుట్టాలు మూకుమ్మడిగా లేచి ఎగిరిపోయాయి.

ఇక పట్టుదల వచ్చింది. బూట్లు వదిలి వట్టికాళ్ళతో వెళ్ళాడు. ఎగిరిపోయాయి. గోడవారనే నక్కి నక్కి వెళ్ళాడు. మరీ తొందరగా ఎగిరిపోయాయి. లోకంలో ఉన్న అడుగులన్నీ వేసిన తనకు బాతుల ముందు అడుగు వేయడం చేతకాలేదని ఆయన మొహం వాడిపోయింది. ఇందిర లోపల మహా సంతోషించి, పైకి మాత్రం "అయ్యో" అంది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. తప్పు తనది కాదు, ఇంట్లో చప్పుళ్ళది అని ఆయన తేల్చాడు. మిక్సీ వేయవద్దన్నాడు, పచ్చడి రోట్లో రుబ్బమన్నాడు. కుక్కరు విజిల్ వేస్తే బాతులు బెదురుతాయని, గ్యాసుపొయ్యి ఒకటి వీధి వరండాలో పెట్టించాడు. దారినపోయేవాళ్ళంతా మెడలు తిప్పి చూస్తుంటే ఇందిర వరండాలో కూర్చుని కందిపప్పు ఉడికించింది. బట్టలు మేడ మీద ఆరేయమన్నాడు. మెట్లెక్కలేనంటే, నేనే ఆరేస్తానని బకెట్టు పట్టుకుని బయల్దేరాడు. పెళ్ళయినప్పటినుంచి తడిగుడ్డ ముట్టుకోని మనిషి. ఇందిరకు ఒళ్ళు మండిపోయింది. తన నడుం నొప్పికి లేవని చెయ్యి పక్షుల కోసం లేచింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

చిత్తడినేల వైపునుంచి కుక్కలు రాకుండా ముళ్ళకంప నాటాడు. నీళ్ళలోకి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవర్లు మోకాలిలోతు దిగి ఏరాడు. జనవరి ఒకటో తారీకుకు ముందురోజు వీధిలో ఇల్లిల్లూ తిరిగి, దయచేసి టపాకాయలు కాల్చకండని చేతులు జోడించి చెప్పాడు. కూతురి పెళ్ళికి పిలుపులకు కూడా ఆయన అంత ఓపిగ్గా తిరగలేదు. అన్నం ముందు కూర్చుంటే మళ్ళీ ఆ పాత వరసే. "ఒకటుంది ఇందిరా, నీళ్ళు తాగేముందు తల ఇలా వంచుతుంది..." ఒకప్పుడు మడమలు, ఇప్పుడు మెడలు. ఆ హీరోయిన్లయినా వడపళనిలో ఉండేవాళ్ళు, సాయంత్రానికి ఆయన ఇంటికి వచ్చేవాడు. ఈ సవతులు సరాసరి పెరట్లో కాపరం పెట్టాయి.

ఇంతలో ఒకరోజు పొద్దున్నే ఆయన మొహం వెలిగిపోతూ పెరట్లోంచి వచ్చాడు.

"పక్కకొచ్చి తిన్నాయి," అన్నాడు. "ఇంత దగ్గరికి. నేను వడ్లు చల్లుతుంటే నా కాళ్ళ దగ్గరే."

"ఎలా వచ్చాయేం?"

"అదంతా పని రహస్యంలే." నవ్వుతూ కాఫీ తాగాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో ఇందిరకు జ్ఞాపకం రాలేదు. కాఫీ తానిచ్చింది, నవ్వు బాతులకు పోయింది.

అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున ఆయన వెళ్ళడం, ఎండ వచ్చే వేళకు తిరిగిరావడం. కాలునొప్పికి మాత్ర వేసుకుని పడుకుంటుంది కనుక ఇందిరకు అప్పటికి మెలకువ రాదు. పెరట్లో అలికిడి ఎలాగూ వద్దన్నాడు, ఆవిడా అభిమానం కొద్దీ అటు వెళ్ళడం మానేసింది. చెరువు మీద అలిగితే చెరువుకేం నష్టం? బాతులు అక్కడే ఉన్నాయి. పోయినవి ఆవిడ చెప్పులు. ప్రగతి పెళ్ళికి పురసవాక్కంలో కొన్న జత, ఎడమదాని మడమ అరిగిపోయినా పెరటికి పనికొస్తాయని ఉంచుకున్నవి, గుమ్మం పక్కన ఉన్నట్టుండి కనిపించకుండా పోయాయి. కుక్క లాక్కుపోయి ఉంటుందని ఆయన అన్నాడు. కుక్కలు రాకుండా కంప నాటాను కదా అని ఆయనే అన్న సంగతి ఇందిరకు గుర్తొచ్చింది గానీ, అప్పుడేదో పనిలో ఉండి రెట్టించలేదు.

జనవరి చివర్లో ఒక సాయంత్రం ఆయన దిగులుగా లోపలికి వచ్చాడు. "ఒకదానికి కాలు బాగాలేదు ఇందిరా. ఈడుస్తోంది. తక్కినవి ముందుకెళ్ళి తినేస్తుంటే పాపం అది వెనకబడుతోంది. ఎడమకాలు."

ఎడమకాలు అన్న మాట దగ్గర ఇందిర చేతిలో గరిట ఆగింది. ఆయన డబ్బాలోంచి వడ్లు వేరే గిన్నెలో పోసి, ఇది ఆ కుంటిదానికి విడిగా అని పక్కన పెట్టుకున్నాడు. పశువుల డాక్టరు ఎవరైనా వస్తాడేమోనని ఫోనులో వెతికాడు. ఈడ్చే ఎడమకాలు ఒకటి ఈ ఇంట్లో ఏడాది పైగా తిరుగుతోంది. దానికోసం ఆయన ఏ గిన్నె పక్కన పెట్టాడు? ఎద్దు పుండు కాకికి నొప్పా అని సరిపెట్టుకుందామంటే, ఆయన కాకి కూడా కాదు, పక్షి కాలునొప్పికి కన్నీళ్ళు పెట్టుకునే మనిషి. ఇందిర ఆ రాత్రి అన్నం తినలేదు. ఆయన గమనించలేదు.

మర్నాడు మట్టి తోలే గోవిందసామికి ఫోను చేసింది. పెరట్లో గుంట పూడ్చాలి, దోమలు, పాములు, చిన్నపిల్లలు వచ్చిపోయే ఇల్లు అని చెప్పింది. గురువారం ఎనిమిది తరువాత రమ్మంది. గురువారం ఆయన ఉండడు. సాయిరామ్ అనే కుర్రాడు, కొత్తగా సౌండ్ ఇంజనీరయినవాడు, ఏదో సీనుకు కంప్యూటరు అడుగులు అతకడం లేదని ఆయన్ను స్టూడియోకి రమ్మన్నాడు. ఏడింటికే బయల్దేరుతానని ఆయన చెప్పాడు. ఆయన తిరిగొచ్చేసరికి గుంట ఉండదు, బాతులుండవు. అడిగితే ఏం చెప్పాలో కూడా ఇందిర అనుకుని పెట్టుకుంది. ఒక లారీ మట్టితో ఇంత సుఖం దొరుకుతుందని ముందే తెలిస్తే నవంబరులోనే పిలిచేదాన్నని పళ్ళు నూరింది.

బుధవారం సాయంత్రం పక్కింటి లూర్దుమేరి గోడ మీదినుంచి పలకరించింది. ఆవిడ తమిళంలో అంటుంది, ఇందిర తెలుగూ తమిళమూ కలిపి బదులిస్తుంది, ఇద్దరికీ అన్నీ అర్థమవుతాయి.

"ఎన్నక్కా, నా మీద కోపమా? పొద్దున పెరట్లో తిరుగుతున్నావు కదా అని గోడ ఇవతలనుంచి పిలిస్తే పలకనే లేదు."

"నేనెక్కడ తిరిగాను మేరీ? నిద్రలో ఉన్నాను."

"రోజూ వింటున్నానే. ఇంకా సరిగ్గా తెల్లవారదు, మీ పెరట్లో ఆడమనిషి చెప్పుల చప్పుడు, తాళాల చప్పుడు. నువ్వే అనుకున్నా." అని, ఇందిర మొహం చూసి, తానేదో అనకూడనిది అన్నట్టు లూర్దుమేరి లోపలికి వెళ్ళిపోయింది.

ఇందిర అక్కడే నిలబడిపోయింది. ఆడమనిషి. రోజూ. తెల్లవారకముందు. పని రహస్యం. ఆ నవ్వు. ఒక్కొక్కటీ వచ్చి చెప్పినట్టు వరసలో కూర్చున్నాయి. బాతులు వట్టి సాకు. ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళ అడుగులు సినిమాలకు అమ్ముకుని బతికినవాడి పెళ్ళాం, చప్పుడు విన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదని ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసిన ఆడది, ఆ చప్పుడుకు వెంటనే ఒక చీరా ఒక మొహమూ తగిలించేసింది. అసూయ వచ్చినప్పుడు మనిషికి తెలిసినదేదీ పనికిరాదు.

ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. తెల్లవారుజామున పక్క మీద ఆయన లేచిన అలికిడికి కళ్ళు మూసుకుని పడుకుంది. వెనక తలుపు తీసిన చప్పుడైంది. కాసేపటికి నిజంగానే వినిపించింది. టప్, సర్ర్. టప్, సర్ర్. నడుమ తాళాలు గలుక్కుమంటున్నాయి. మెట్టు దిగినప్పుడు చిన్న నిట్టూర్పు కూడా. ఎవర్తో బరువైన మనిషే. కాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఈ నడకలో ఏం చూసి మోహించాడు ఈయన అని ఇందిర మనసులో ఈసడించుకుంది. ఎవరి నడక వాళ్ళకు వినిపించదు మరి.

మూల నిలబెట్టిన చీపురు అందుకుని వెనకగుమ్మంలోకి వచ్చింది. తూర్పున వెలుగు రాబోతోంది. నీళ్ళ అంచున ఆ మనిషి, తల చుట్టూ శాలువా కప్పుకుని, నడుం మీద చేట పెట్టుకుని, నెమ్మదిగా నడుస్తోంది. పక్కనే బాతులు, బెదురూ గిదురూ లేకుండా, చల్లిన వడ్లు ఏరుకుంటున్నాయి. ఎవరే నువ్వు అని అరవబోయిన ఇందిర నోరు ఆ శాలువా చూసి ఆగింది. అది వాళ్ళింటి శాలువాయే. మెట్టు వైపు రాబోతూ ఆ మనిషి ఇటు తిరిగింది. పైకి కట్టిన లుంగీ, నెరిసిన గడ్డం. సుందరరామమూర్తి. మొలలో ఇనప్పెట్టెలోని పాత తాళాల గుత్తి. కాళ్ళకు ఆవిడ పురసవాక్కం చెప్పులు.

ఆయన పట్టుబడ్డ దొంగలా నిలబడి, ముందు వేలు పెదవుల మీద పెట్టుకుని, బాతులవైపు చూపించాడు.

"నా చెప్పులు," అంది ఇందిర గొంతు తగ్గించి.

"నేను వెళ్తే ఎగిరిపోతున్నాయి," అన్నాడు ఆయనా అంతే నెమ్మదిగా. "మరి నువ్వు బట్టలారేస్తుంటే ఎగరలేదు కదా. ఎందుకా అని ఆలోచించాను. అవి ఇక్కడ దిగినప్పటినుంచి విన్న అడుగు నీదే. మెతుకులు వేసిందీ నువ్వే. ఆ అడుగొస్తే తిండి వస్తుందని వాటికి తెలుసు. అందుకని నీలా నడిచాను."

"నన్నే వెళ్ళమనొచ్చు కదా."

"ఈ బురదలోనా? మళ్ళీ జారిపడితేనో?" అని, ఆ మాట ఎక్కువైనట్టు తల దించుకున్నాడు. "చెప్పడానికి సిగ్గేసింది. స్టూడియోలో అంటే పని. ఇంట్లో పెళ్ళాం చెప్పులు తొడుక్కుని తిరుగుతున్నానని ఎలా చెప్పను?"

ఇందిర చీపురు ఇంకా కింద పెట్టలేదు. ఇన్నేళ్ళ మాట గొంతులోకి వచ్చేసింది. "నా నడకకి ఎఫెక్టు అక్కర్లేదన్నారుగా మీరు."

"నేనా? ఎప్పుడన్నాను?"

గుర్తు కూడా లేదు. అది మళ్ళీ కొత్తగా గుచ్చుకుంది. ఆయన కాసేపు ఆ చెప్పులవైపు చూశాడు.

"అక్కర్లేదు మరి. ఎఫెక్టంటే తెర మీద చూసి, వెతుక్కుని, పదిసార్లు వేసి చూసుకుంటే వచ్చేది. నీది వెతకలేదు ఇందిరా. ఇవి తొడుక్కోగానే కాలు దానంతటదే నడిచింది. మొదటిరోజు మాత్రం తప్పు చేశాను. నీ పాత నడక నడిచాను. పడకముందుది, ఆ కుడికాలు చకచకా వేసి ఎడమది కొంచెం ఆపుతావే, అది. అన్నీ ఎగిరిపోయాయి. అప్పుడు తట్టింది, ఇవి వచ్చింది నువ్వు పడ్డాక కదా, వాటికి ఆ నడక తెలియదని."

పాత నడక ఇందిరకే గుర్తులేదు. కుడికాలు చకచకా వేసేదని, ఎడమది ఆపేదని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అది పోయిందని కూడా తను అనుకోలేదు. ఆయన దగ్గర రెండు నడకలూ ఉన్నాయి.

ఇంకా ఆ మాట లోపలికి దిగుతుండగానే వీధిలో లారీ హారను మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా. నీళ్ళంతా ఒక్కసారిగా చెదిరి, బాతులన్నీ లేచి, ఇంటి మీదుగా తిరిగి చిత్తడినేల వైపు వెళ్ళిపోయాయి.

"ఇప్పుడెవడు?" అన్నాడు ఆయన పైకే చూస్తూ.

అబద్ధం ఆడటానికి ఇందిర దగ్గర చాలా ఏర్పాట్లు ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. "గోవిందసామి. మట్టి తెచ్చాడు. గుంట పూడ్చమని నేనే రమ్మన్నాను."

తిట్టినా బాగుండేది. ఆయన మెట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పి, వాటి బురద లుంగీ అంచుతో తుడిచి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు. ఇందిర వాటిని తొడుక్కుని వీధిలోకి నడిచింది.

"ఏందమ్మా, ఎనిమిదికి పైన లారీని లోపలికి వదలరు. అందుకే బిన్న వచ్చేసినా," అన్నాడు గోవిందసామి కిందికి దిగుతూ. అతనిది చెంగల్పట్టు తెలుగు. "ఆడ పెరట్లో ఎయ్యాల్సిందేనా?"

"ముందు ఆ హారను ఆపవయ్యా. పెరట్లో వద్దు."

"వద్దంటే ఎట్టమ్మా, లోడు ఎత్తుకోని వచ్చినానే."

గేటు ముందు రోడ్డు గుంటలో వానకాలమంతా నీళ్ళు నిలుస్తాయి. ఇందిర దాన్ని చూపించింది. "ఇక్కడ పోయించు. ఇక్కడే." గోవిందసామి ఆవిడను ఎగాదిగా చూసి, ఈ ఇంట్లో ఎవరికీ మతి స్థిమితం లేదనుకుని, మట్టి అక్కడే దించి వెళ్ళిపోయాడు.

తిరిగి పెరట్లోకి వచ్చేసరికి ఆయన మెట్టు మీదే ఉన్నాడు. స్టూడియో వేళ దాటిపోతున్నా లేవలేదు. నీళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"వస్తాయా?" అంది.

"తెలీదు. బెదిరిన చోటికి మళ్ళీ రావడం కష్టం. ఇప్పుడిప్పుడే కొన్నిటికి కళ్ళ మీద తెల్లచార వస్తోంది, వెళ్ళే రోజులు దగ్గరపడ్డాయి. ఇంకొంచెం తినుంటే బాగుండేది. ఆ కుంటిది మరీను."

ఇందిర చేట అందుకుంది. మొలలో తన తాళాలు దోపుకుని, మెట్టు దిగింది, అలవాటుగా నిట్టూర్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. స్టూడియోలో తలకు హెడ్‌ఫోను తగిలించుకుని వినేటప్పుడు అలాగే మూసుకునేవాడని సాయిరామ్ ఒకసారి చెప్పాడు. ఆ చెవులు ఇప్పుడు తన కాళ్ళ మీద ఉన్నాయని తెలిసేసరికి ఇందిరకు పెళ్ళికూతురి సిగ్గు వచ్చింది. చీర సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి, ఎడమకాలు ఈడవకుండా ఎత్తి ఎత్తి, తెర మీద ఆ మహాతల్లులు నడిచినట్టు నాలుగడుగులు వేసింది.

"అలా కాదు ఇందిరా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "అది నువ్వు కాదు."

ఆవిడ ఎడమకాలిని దాని ఇష్టానికి వదిలేసింది. టప్, సర్ర్. టప్, సర్ర్. నీళ్ళ అంచు దాకా వెళ్ళి వడ్లు చల్లింది, వెనక్కు వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఎండ గోడ దిగి పెరట్లోకి వచ్చింది. పక్కింట్లో లూర్దుమేరి ఏదో పాడుకుంటూ గిన్నెలు తోముతోంది. ఎన్నిసార్లు తిరిగాకో చిత్తడినేల మీదినుంచి ఒక బాతు ఒంటరిగా వచ్చి, రెండుసార్లు తిరిగి చూసుకుని, నీళ్ళలో దిగింది. ఒడ్డెక్కి ఎడమకాలు ఈడ్చుకుంటూ వడ్ల వైపు వచ్చింది. కాసేపటికి దాని వెనకాల తక్కినవి.

ఇందిర చేట చంకన పెట్టుకుని వాటిని మొదటిసారి తీరిగ్గా చూసింది. చూస్తున్నకొద్దీ కొత్త మంట ఒకటి మొదలైంది. ఇవి తన అడుగు నమ్మి ఆగినవి. తన మెతుకులకు దిగినవి. ఇన్ని రోజులూ వీటి ముచ్చటంతా ఈయన తన పేరు చెప్పుకుని అనుభవించాడు.

"రేపటినుంచి నా చెప్పులు ముట్టుకోకండి," అంది వెనక్కు తిరగకుండానే. "ఇవి నాకోసం వచ్చినవి."

ఆయన సరేనన్నాడు. కళ్ళు మాత్రం తెరవలేదు.